అనుమానాస్పద బ్యాగు కోసం ఇన్ని బండ్లు వచ్చాయి, ఎవరితో మాట్లాడాలో మాకు తెలియలేదు

కాలేజీ ఏవో (హనుమకొండ) · సోమవారం రాత్రి 9:15

అందరికీ నమస్కారం. హనుమకొండ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఏవోగా (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్‌గా) పని చేస్తున్నాను. కాలేజీ పేరు రాయను, దయచేసి అడగకండి.

మూడు వారాల కింద మా వార్షికోత్సవం. సాయంత్రం 6:40కి స్టేజీ వెనక పరదా దగ్గర నల్లటి ట్రావెల్ బ్యాగు కనిపించింది. ఎవరిదని మైకులో రెండుసార్లు అడిగినా ఎవరూ రాలేదు. గ్రౌండులో దాదాపు రెండు వేల మంది పిల్లలున్నారు. ఒక వలంటీర్ భయపడి 112కి ఫోన్ చేశాడు. ముందు బ్లూ కోల్ట్స్ (పోలీసు పెట్రోలింగ్) బండి వచ్చింది, తర్వాత ఎస్సై గారు, ఆ వెనకే ఫైరింజన్, 108, కరెంటు ఆఫీసు జీపు, చివరికి బీడీ టీం (బాంబులు పరిశీలించి నిర్వీర్యం చేసే పోలీసులు), కుక్కతో సహా.

వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగిన మొదటి మాట ఒకటే: "ఇక్కడ ఇన్‌ఛార్జ్ ఎవరు?" ప్రిన్సిపాల్ గారు స్టేజీ దగ్గర, నేను ఆఫీసు మెట్ల మీద, వార్డెన్ హాస్టల్ దగ్గర ఉన్నాం. ముగ్గురం మూడు రకాలుగా చెప్పాం. ఒకరు జనరేటర్ ఆపమన్నారు, మావాళ్లు ఆపేశారు. లైట్లు పోయేసరికి పిల్లలు ఒక్కసారిగా మెయిన్ గేటు వైపు ఉరికారు. సెకండియర్ అమ్మాయి ఒకతి కింద పడి మణికట్టు విరిగింది. ఆ అమ్మాయిని ఎక్కించుకోవాల్సిన 108 ఏమో ఫైరింజన్ వెనక ఇరుక్కుంది. వెనక గేటుకు తాళం. తాళంచెవి పగటి వాచ్‌మన్ జేబులో ఉంది, అతను ఆరింటికే డ్యూటీ దిగి మడికొండ పోయాడు. ఇనుప రాడ్డుతో తాళం పగలగొట్టేసరికి 22 నిమిషాలు అయింది.

బ్యాగులో సౌండ్ సిస్టం వాళ్ల వైర్లు, ఒక టిఫిన్ డబ్బా ఉన్నాయి. అంతే.

ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని చీకట్లో కూర్చున్న ఆ 22 నిమిషాలు నన్ను ఇంకా నిద్ర పోనివ్వడం లేదు. ఇప్పుడు యాజమాన్యం ప్లాన్ రాయమంది. పన్నెండు పేజీలు రాశాను. ఆ రోజు అవి నా చేతిలో ఉన్నా ఒక్క పేజీ కూడా తిప్పేదాన్ని కాదని నాకే అర్థమవుతోంది. ఇలాంటి పనుల్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే దారి చెప్పండి.

---

పాత ఫైర్‌మన్ (జనగామ) · సోమవారం రాత్రి 10:02

అమ్మా, ముందుగా ఆ జనరేటర్ సంగతి. నేను 31 ఏళ్లు ఫైర్ సర్వీసులో చేసి లీడింగ్ ఫైర్‌మన్‌గా దిగినవాణ్ణి. పోగానే కరెంటు కట్ చేయించడం మాకు నరాల్లో ఉంటది. మంటలో అది ప్రాణాలు కాపాడుతది. కానీ అక్కడ మంట లేదు, చీకట్లో రెండు వేల మంది ఉన్నారు. "ఆపితే గ్రౌండులో లైట్లు పోతయి" అని చెప్పే మనిషి ఒక్కరు పక్కన ఉంటే ఎవరూ ఆపమనరు. ఆ సంగతి మీకు తెలుసు, బయటినుంచి వచ్చినవాళ్లకు తెలియదు.

నా సర్వీసులో నాకు అర్థమైంది ఇదే. మేము ఎక్కడికి పోయినా ఆ ఇంటికి కొత్తవాళ్లం. మెట్లు ఎటున్నాయో, సిలిండర్లు ఎక్కడ పెట్టారో, లోపల ఎందరున్నారో తెలియదు. మాకు కావల్సింది కమాండర్ కాదు, కమాండర్లు మాతోనే వస్తారు. మాకు కావల్సింది ఇంటి మనిషి. గేటు దగ్గర నిలబడి, రాగానే బండిలోకి తల పెట్టి "సార్, బ్యాగు అక్కడ, పిల్లలు ఇటు, ట్రాన్స్‌ఫార్మర్ ఆ మూల" అని అరనిమిషంలో చెప్పే మనిషి.

ఇంకొకటి. పిలిచిన ప్రతి బండీ లోపలికి రావొద్దు. గేటుకు కొంచెం దూరంలో ఒక ఖాళీ జాగా ముందే చూసుకోండి. బండ్లన్నీ అక్కడ ఆగాలి. అవసరమైనది మాత్రమే లోపలికి రావాలి. వచ్చిన బండి మూతి బయటికి తిప్పి పెట్టాలి, డ్రైవర్ సీట్లోనే ఉండాలి. మీ 108 ఇరుక్కున్నది ఇది లేకనే.

---

పరకాల తమ్ముడు · సోమవారం రాత్రి 10:20

అక్కా, దీనికి ఇంత టెన్షన్ ఎందుకు? ఎస్సై గారు, ఫైర్ ఆఫీసర్, 108, హాస్పిటల్, లైన్‌మన్, అందరి నంబర్లతో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టేయండి. మా మండలంలో వానాకాలంలో అన్నీ గ్రూపుల్లోనే నడుస్తాయి.

---

రెవెన్యూ ఆర్‌ఐ (ములుగు) · సోమవారం రాత్రి 11:10

తమ్ముడూ, గ్రూపు మంచిదే, ముందురోజు వరకు. నేను 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు మేడారం జాతర డ్యూటీలో ఉన్నాను, మొన్న 2026 జనవరి జాతరలోనూ చేశాను. తాత్కాలిక టవర్లు ఎన్ని పెట్టినా జనం నిండిన గంటల్లో ఫోన్ కలవడం దైవాధీనం. అక్కడ మమ్మల్ని నడిపించేది పోలీసు వైర్‌లెస్ సెట్టు, సెక్టార్ల మ్యాపు, ఇంకా ఏ సెక్టారుకు ఏ ఆఫీసరు అని అందరికీ ముందే తెలిసి ఉండడం. తప్పిపోయిన పిల్లాడు దొరికితే ఎక్కడికి తీసుకపోవాలో అక్కడి కొబ్బరికాయల కొట్టు అతనికి కూడా తెలుసు. అదీ ఏర్పాటు అంటే.

గ్రూపుతో ఇంకో ఇబ్బంది ఉంది. ఒక మెసేజ్ వచ్చిందంటే చూశారో లేదో, చేశారో లేదో తెలియదు. పది మంది "ఓకే" పెడతారు, పని ఎవరు చేశారో తేలదు. స్క్రీన్‌షాట్ మాత్రం అయిదు నిమిషాల్లో తల్లిదండ్రుల గ్రూపులకు చేరుతుంది.

మేడారంలో నేను ప్రతిసారీ చూసే ఒక దృశ్యం చెప్తాను. చిలకలగుట్ట నుంచి సమ్మక్క తల్లిని తీసుకువచ్చేటప్పుడు పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపి స్వాగతం పలుకుతారు. లక్షల జనం మధ్య తుపాకీ పేలుతుంది. ఒక్కరు పరుగెత్తరు, చేతులెత్తి మొక్కుతారు. ఆ చప్పుడు ఏమిటో ముందే అందరికీ తెలుసు కాబట్టి. అదే తెలియని చోట ఒక టపాకాయ చాలు, తొక్కిసలాట అవడానికి. మీ గ్రౌండులో లైట్లు ఆరేముందు మైకులో ఒక్క మాట వచ్చి ఉంటే ఆ అమ్మాయి పడేది కాదేమో.

---

రిటైర్డ్ సీఐ · మంగళవారం ఉదయం 6:40

నేను ఈ చర్చలో కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

మేడం, మీరు బ్యాగు దగ్గర ఎవరైనా ముట్టుకున్నారా అనేది రాయలేదు. రెండుసార్లు మైకులో అడిగారంటే ఆ మధ్యలో పిల్లలు దాని చుట్టూ ఉన్నారనే అర్థం. అనుమానం వచ్చిన క్షణం నుంచి దాన్ని ముట్టొద్దు, జరపొద్దు, నీళ్లు చల్లొద్దు, దాని మీద ఏమీ కప్పొద్దు. దాని పక్కన నిలబడి సెల్‌ఫోన్, వాకీటాకీ వాడొద్దు. బ్యాగు ఎలా ఉంది, ఏ రంగు, ఎక్కడ ఆనుకుని ఉంది, ఎప్పుడు చూశారు, ముందు ఎవరు చూశారు, ఇవి గుర్తుపెట్టుకుని దూరం జరగాలి. మొదట చూసిన మనిషిని ఇంటికి పంపొద్దు. బీడీ టీం వచ్చాక అడిగేది అతణ్నే. గాజు అద్దాలున్న గోడ పక్కన కాకుండా, బ్యాగు కంటికి కనపడని చోట, గట్టి కట్టడం అడ్డంగా ఉండేలా జనాన్ని నిలబెట్టాలి. ఎంత దూరమో బీడీ టీం చెప్తుంది.

పిల్లల్ని నిలబెట్టే ఆ చోటును కూడా ముందు వెతకాలి. ఇది చాలామంది మరిచిపోతారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో కొద్ది నిమిషాల తేడాతో, దగ్గర దగ్గరే రెండు పేలుళ్లు జరిగాయి. ఒక చోట నుంచి పారిపోయినవాళ్లు ఇంకో చోట గుమిగూడతారని చేసేవాడికి తెలుసు. పార్కింగులో బైకుల మధ్య వెయ్యి మందిని నిలబెట్టడం కన్నా తప్పు లేదు.

ఇక ఇన్‌ఛార్జ్ ఎవరు అన్న ప్రశ్న. బ్యాగు అనుమానంగా ఉన్నంతసేపు అది పోలీసు పని, అందులో బ్యాగు వరకు బీడీ టీం మాటే చివరి మాట. స్టేషన్ ఎస్సై అయినా సీఐ అయినా దగ్గరికి పోకూడదు. "ఏమీ లేదు, లోపలికి పోండి" అనేది కూడా వాళ్లే చెప్పాలి, ప్రిన్సిపాల్ కాదు. ఫైర్, 108 ఆ సమయంలో సిద్ధంగా ఉంటారు. దేవుడి దయ లేక అది పేలితే మొదట మనుషుల్ని కాపాడాలి, మంట ఆర్పాలి. అప్పుడు లోపలి పనిని ఫైర్ ఆఫీసరు నడిపిస్తాడు, పోలీసు దారి కాస్తుంది. మనుషులు బయటికి వచ్చాక ఆ జాగా మళ్లీ పోలీసుదే, ఆధారాలు సేకరించే క్లూస్ టీం వచ్చేదాకా ఒక్క చెప్పు కూడా కదపొద్దు. ఒకే రాత్రిలో పెత్తనం మూడుసార్లు చేతులు మారుతుంది. ఒకళ్లే కమాండర్ అని రాసుకుంటే కుదరదు.

---

రెవెన్యూ ఆర్‌ఐ (ములుగు) · మంగళవారం ఉదయం 8:05

సీఐ గారూ, మీతో సగం ఏకీభవిస్తాను. చేతులు మారడం నిజమే. కానీ మారిన సంగతి పక్కవాడికి తెలియాలి కదా? దీనికి పద్ధతి రాసి ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టం అని మార్గదర్శకాలు ఇచ్చింది. జిల్లాకు బాధ్యుడు కలెక్టర్. సంఘటన దగ్గర ఒక ఇన్సిడెంట్ కమాండర్, అతని కింద పని నడిపేవాళ్లు, ప్లాన్ చూసేవాళ్లు, సరంజామా చూసేవాళ్లు. వీళ్లు కాక మీడియాతో మాట్లాడే మనిషి ఒకరు, శాఖల మధ్య తిరిగే మనిషి ఒకరు, సిబ్బంది భద్రత చూసే మనిషి ఒకరు. పోలీసు అధికారం పోలీసుకే ఉంటుంది, ఫైర్ అధికారం ఫైర్‌కే. అందరూ ఒకే చోట నిలబడి, ఒకే లెక్క చూసి నిర్ణయం తీసుకోవాలనేది దాని సారం.

మన వరంగల్‌లో ఇది ఇంకా ముఖ్యం. 2021 ఆగస్టు నుంచి ఒకే నగరం రెండు జిల్లాలు. కాజీపేట, హనుమకొండ ఒక కలెక్టర్ కింద, వరంగల్, ఖిలా వరంగల్ ఇంకో కలెక్టర్ కింద. మున్సిపల్ కార్పొరేషన్ రెండింటికీ ఒకటే. పోలీస్ కమిషనరేట్ ఈ రెండింటికీ తోడు జనగామకూ ఒకటే. రోడ్డు దాటితే డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) మారతారు, పోలీస్ కమిషనర్ మారరు. ఇది ఎవరి తప్పూ కాదు, కానీ మీ కాలేజీ ఏ మండలం, ఏ స్టేషన్, ఏ ఫైర్ స్టేషన్ కిందికి వస్తుందో, సబ్‌స్టేషన్ ఏదో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోకపోతే ఆ రాత్రి వెతుక్కోవాల్సి వస్తుంది.

---

రిటైర్డ్ సీఐ · మంగళవారం ఉదయం 8:30

ఒప్పుకుంటాను. ఒకే చోట నిలబడడం అనే మాట నాకు నచ్చింది. మా రోజుల్లో అందరం ఎవరి జీపు దగ్గర వాళ్లం నిలబడి సెట్టులో మాట్లాడుకునేవాళ్లం. ఇరవై అడుగుల దూరంలో ఫైర్ ఆఫీసర్ ఉండేవాడు, ఆయన ఏం చేస్తున్నాడో నాకు కంట్రోల్ రూం చెప్పేది.

---

కాజీపేట క్యాబిన్ · మంగళవారం మధ్యాహ్నం 1:45

నేను రైల్వేలో స్టేషన్ మాస్టర్‌ని. మా దగ్గర ఒక అలవాటు ఉంది, ఇక్కడ పనికొస్తుందని చెప్తున్నా.

బండి వస్తుంది, గేటు వేయమని గేట్‌మన్‌కి ఫోన్ చేస్తాం. గేటు వేశాక అతను "వేశాను" అని ఊరికే అనడు. తన దగ్గరున్న షీటులోంచి ఒక ప్రైవేట్ నంబర్ చెప్తాడు. రెండంకెల సంఖ్య. నేను దాన్ని మళ్లీ పలికి, రిజిస్టర్లో టైముతో సహా రాసుకుంటాను. వాడిన నంబరును అతను కొట్టేస్తాడు. ఆ నంబరు నా రిజిస్టర్లో పడకపోతే గేటు పడలేదనే అర్థం. ఎంత తెలిసిన మనిషైనా, ఎంత తొందరున్నా అంతే. పట్టాల మీద మంట లేచినా, పైన 25,000 వోల్టుల తీగ ఉంటుంది కాబట్టి, కరెంటు తీశామని ఖాయంగా కబురు అందే వరకు నీళ్లు కొట్టనివ్వం.

మీ జనరేటర్ విషయంలో జరిగింది దీనికి తలకిందులు. ఎవరో అన్నారు, ఎవరో విన్నారు, ఎవరో ఆపారు. ఎవరన్నారో ఇవాళ్టికీ మీకు తెలియదు, "ఒకరు ఆపమన్నారు" అని రాశారు. చెప్పిన మాటను విన్నవాడు మళ్లీ పలకాలి, ఒక నోట్‌బుక్కులో టైము, ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, అయిందా లేదా, ఈ నాలుగూ రాయాలి. రాసే మనిషి ఇంకే పనీ చేయకూడదు. తాడు పట్టుకోవడానికి కూడా పోకూడదు.

స్టేషన్‌లోనూ మాకు హద్దుల గొడవ ఉంది. ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) కేంద్రం కింద, జీఆర్‌పీ (రైల్వే పోలీసు) రాష్ట్రం కింద, స్టేషన్ బయట రోడ్డు సిటీ పోలీసు కింద. ప్లాట్‌ఫారం మీద బ్యాగు కనిపిస్తే ముగ్గురూ వస్తారు. 2024 సెప్టెంబర్ 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడినప్పుడు బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ప్రయాణికుల్ని బస్సుల్లో పంపించడానికి రైల్వే, పోలీసు, ఆర్టీసీ అందరూ కలిసి పని చేయాల్సి వచ్చింది. అలాంటప్పుడు ఒక్కో బోగీలో ఎందరున్నారు, ఎందరు ముసలివాళ్లు, ఎందరు పసిపిల్లల తల్లులు అనే లెక్క ఉన్నవాడి మాటే అందరూ వింటారు, వాడి హోదా ఏదైనా సరే.

---

క్యాజువాలిటీ సిస్టర్ · మంగళవారం రాత్రి 11:50

నైట్ డ్యూటీలో ఉన్నా, చిన్నగా రాద్దామనుకున్నా, కుదిరేలా లేదు.

ఏవో మేడం, మీ అమ్మాయికి చెయ్యి తగ్గిందా? ముందు అది చెప్పండి.

పెద్ద సంఘటన ఏది జరిగినా మా దగ్గరికి మొదట వచ్చేది తక్కువ దెబ్బలు తగిలినవాళ్లు. నడవగలిగినవాళ్లు ఆటో ఎక్కుతారు, ఫ్రెండ్ బైకు మీద వస్తారు. సంఘటన జరిగిన పది పదిహేను నిమిషాల్లో క్యాజువాలిటీ వాళ్లతో నిండిపోతుంది. మంచాలన్నీ పోతాయి. నిజంగా ప్రాణం మీదికి వచ్చిన మనిషిని అక్కడ స్ట్రెచర్ మీద కట్టి, 108లో ఎక్కించి తెచ్చేసరికి మా దగ్గర జాగా ఉండదు. నేను చూసిన రాత్రుల్లో అన్నిటికన్నా బాధపెట్టింది ఇదే. ఎవరూ తప్పు చేయలేదు, దెబ్బ తగిలినవాడు ఆస్పత్రికే కదా పోతాడు. కానీ ఆ గేటు దగ్గరే ఎర్ర (ప్రాణం మీదికి వచ్చినవాళ్లు), పసుపు (కొంచెం ఆగగలిగినవాళ్లు), ఆకుపచ్చ (నడవగలిగినవాళ్లు) అని వేరు చేసి, ఆకుపచ్చవాళ్లను మీ కాలేజీ డిస్పెన్సరీలోనో దగ్గరి చిన్న నర్సింగ్ హోంలోనో కూర్చోబెడితే మేము ఎర్రవాళ్లను బతికించుకోగలం.

రెండోది. మాకు ముందు ఫోన్ చేయండి. "వస్తున్నారు" అని కాదు. ఎందరు, ఏం దెబ్బలు, ఎన్ని నిమిషాల్లో. కాలినవాళ్లా, ఎముకలు విరిగినవాళ్లా, పొగ పీల్చినవాళ్లా? ఒక్క ఫోన్. ఇరవై మంది చేస్తే మా ల్యాండ్‌లైన్ ఎంగేజ్ వస్తుంది, చేయాల్సినవాడికి దొరకదు.

మూడోది, తల్లిదండ్రులు. నా బిడ్డ ఎక్కడ అని వాళ్లు ఆస్పత్రికి వస్తారు, మాకు పేర్లు తెలియవు. స్పృహలేని పిల్లకు "గుర్తు తెలియని యువతి" అని రాస్తాం. ఆ మాట చదివి ఒక నాన్న మా గుమ్మంలో కూలబడిపోవడం నేను చూశాను. దయచేసి ఏ బండిలో ఎవరిని ఎక్కించారో, ఏ ఆస్పత్రికి పంపారో రాసుకోండి. పేరు తెలియకపోతే హాల్‌టికెట్ నంబరైనా పిల్ల చేతి మీద పెన్నుతో రాయండి.

---

కాలేజీ ఏవో (హనుమకొండ) · బుధవారం ఉదయం 7:20

సిస్టర్, అడిగినందుకు చాలా సంతోషం. కట్టు ఇంకా ఉంది, నొప్పి తగ్గింది. ఇంటర్నల్స్ ఎడమ చేత్తో రాస్తానంటే వద్దని, రాసేవాళ్లను ఏర్పాటు చేశాం.

మీ అందరివీ చదువుతూ నోట్సు రాసుకుంటున్నాను. సీఐ గారూ, మీ అనుమానం నిజమే. ఇద్దరు పిల్లలు బ్యాగు జిప్పు లాగబోయారు, మా పీఈటీ సార్ అరిచి ఆపారు.

---

భూపాలపల్లి ల్యాంప్‌రూం · బుధవారం సాయంత్రం 5:30

సింగరేణి బొగ్గు గనుల్లో అండర్‌గ్రౌండ్ చేసి, రెస్క్యూ ట్రైనింగ్ తీసుకున్నవాణ్ణి. పైన అందరూ మంచి మాటలు చెప్పారు. నేను తలల లెక్క గురించి చెప్తా.

బాయిలోకి (గనిలోకి) దిగే ప్రతి మనిషి ల్యాంప్ రూంలో దీపం తీసుకుంటాడు. అతని నంబరు మీద దీపం లేదంటే మనిషి లోపల ఉన్నట్టు. షిఫ్టు అయ్యాక దీపం వెనక్కి రాకపోతే ఇంటికి పోయాడేమో అనుకోరు, వెతుకుతారు. ప్రమాదం జరిగినప్పుడు మేము మొదట పోయేది బాయి దగ్గరికి కాదు, ల్యాంప్ రూం లెక్క దగ్గరికి. లోపల 40 మందా 43 మందా అనేది తెలియకుంటే ఆ ముగ్గురి కోసం రెస్క్యూ వాళ్లు ప్రాణాలు పెట్టాల్సి వస్తుంది. ఒక టీం లోపలికి పోవాలంటే ఇంకో టీం ఫ్రెష్ ఎయిర్ బేస్ (మంచి గాలి ఉండే చోటు) దగ్గర తయారుగా నిలబడాలి, ఎవరు ఎన్నింటికి పోయారో రాయాలి.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్‌ఎల్‌బీసీ టన్నెల్ కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు ఆర్మీ, ఎన్‌డీఆర్‌ఎఫ్, ఎస్‌డీఆర్‌ఎఫ్‌తో పాటు మా సింగరేణి రెస్క్యూ వాళ్లూ పోయారు. ర్యాట్ హోల్ మైనర్లు (ఇరుకు సొరంగాలు చేత్తో తవ్వేవాళ్లు) వచ్చారు, కేరళ నుంచి పోలీసు కుక్కలు వచ్చాయి. ఒక్కొక్కరిదీ ఒక్కో విద్య. బురద, నీళ్లు, ఇరుకు, లోపల ఒకసారి పట్టేదే కొద్ది మంది. అలాంటి చోట ఎవరు ముందు, ఎవరు తర్వాత, ఎవరు ఎప్పుడు బయటికి రావాలి అన్నది బయట ఒక్క చోట తేలకుంటే కాపాడబోయినవాళ్లే ప్రమాదంలో పడతారు.

2023 జూలై 27 మా జిల్లా మరువలేనిది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డ రోజు. మా వైపు మోరంచపల్లి మునిగింది, జనం డాబాలెక్కారు, హెలికాప్టర్లు, పడవలు వచ్చాయి. అదే రోజు మా ఊరి వాగు కూడా పొంగింది. మేము పది మందిమి ట్రాక్టర్ ట్యూబులతో ముసలివాళ్లను దాటించాం. సాయంత్రానికి ఒక అవ్వ లెక్కలో లేదు. చీకటి పడేదాకా వెతికాం. ఆమె బిడ్డ వేరే దారిన వచ్చి పొద్దున్నే చెల్పూరు తీసుకపోయిందట. అవ్వ క్షేమం, ఆ సంతోషం వేరు. కానీ నీళ్లలో అయిదు గంటలు ఆరుగురు పిల్లల్ని తిప్పాం. దాటించినప్పుడు ఒక్క పేరు రాసుకుని ఉంటే ఆ పిల్లలు నీళ్లలోకి మళ్లీ దిగేవాళ్లు కాదు.

మేడం, మీ రెండు వేల మందిలో ఎవరు లోపల, ఎవరు బయట అనేది క్లాసుల వారీగా లెక్క తీయగలరా? అది రాసుకోండి.

---

112 పాత గొంతు · బుధవారం రాత్రి 8:00

నేను కొన్నాళ్లు కంట్రోల్ రూంలో కాల్స్ తీసుకున్నాను. ఒక చోటి నుంచి నలభై కాల్స్ వస్తే, ఒకరు "స్టేజీ" అంటారు, ఒకరు "ఆడిటోరియం", ఒకరు "హాస్టల్". అది ఒక సంఘటనా మూడా అని తేల్చుకోవడానికే విలువైన సమయం పోతుంది. కాలేజీ తరఫున ఒక్కరు చేయాలి, కాల్ పెట్టేయమని మేము చెప్పేదాకా లైన్లో ఉండాలి. ఏ గేటు నుంచి రావాలో చెప్పాలి. గేట్లకు 1, 2 అని పెద్ద అంకెలు రాయించండి. "శివాలయం వైపు గేటు" అంటే అంబులెన్స్ డ్రైవర్‌కు తెలియదు.

---

కాలేజీ ఏవో (హనుమకొండ) · శుక్రవారం రాత్రి 10:40

పన్నెండు పేజీలు పక్కన పడేశాను. ఇది కొత్త కాగితం, ఒక్క పేజీ. తప్పులుంటే చెప్పండి.

ఇంటి మనిషి: కార్యక్రమం జరిగే ప్రతి రోజూ ఒకరు, వాళ్లు లేకుంటే ఇంకొకరు. ఆరెంజ్ జాకెట్టు. వాళ్లే 112కి చేస్తారు, వాళ్లే గేటు దగ్గర నిలబడతారు. వాళ్ల చేతిలో గేట్లు, స్విచ్‌లు, నీళ్ల ట్యాంకు గుర్తులతో క్యాంపస్ మ్యాపు అయిదు కాపీలు, వచ్చిన ప్రతి శాఖకూ ఒకటి. రాసే మనిషి: లైబ్రేరియన్ గారు. నోట్‌బుక్, రెండు పెన్నులు, టార్చి. అందరూ కలిసి నిలబడే చోటు: సెక్యూరిటీ గది ముందు చెట్టు కింద. బండ్లు ఆగేది రోడ్డవతల ఖాళీ స్థలంలో, యజమాని ఒప్పుకున్నారు. లైట్లు, మైకు ఆపాలన్నా వేయాలన్నా ఇంటి మనిషి ద్వారానే, అదీ పోలీసు అధికారి చెప్పాక, మైకులో పిల్లలకు చెప్పాక. క్లాస్ రెప్రజెంటేటివ్ తన క్లాసు లెక్క చెప్పాలి. తాళంచెవులు: ఏ వాచ్‌మన్ జేబులోనూ ఉండవు. గేటు పక్క గాజు డబ్బాలో ఒక సెట్టు, సెక్యూరిటీ గదిలో ఒక సెట్టు.

---

రిటైర్డ్ సీఐ · శుక్రవారం రాత్రి 11:15

బాగుంది. ఒక్కటి మార్చండి. చెట్టు కింద అన్నారు, అది స్టేజీకి ఎంత దూరం? బ్యాగు అక్కడే దొరికితే? నిలబడే చోటు రెండు రాసుకోండి, రెండోది క్యాంపస్‌కు అవతలి చివర. ఇంకా, మీ స్టేషన్ ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ బాధ్యుడు) గారికి ఈ కాగితం మీరే తీసుకుపోయి ఇవ్వండి. సంఘటన రోజు మొదటిసారి ముఖం చూసుకోవద్దు.

---

పరకాల తమ్ముడు · శనివారం ఉదయం 9:00

ఆర్‌ఐ సార్, నేను మొదట తేలిగ్గా మాట్లాడాను. మా మండల గ్రూపులో ఒక నోట్‌బుక్ పెట్టే పని నాకిమ్మని అడిగాను, ఒప్పుకున్నారు. ఈ వానాకాలం రాస్తాను.

---

కాలేజీ ఏవో (హనుమకొండ) · రెండు వారాల తర్వాత, గురువారం

మాక్ డ్రిల్ చేశాం. ఎస్సై గారు, ఫైర్ స్టేషన్ వాళ్లు అడగ్గానే వచ్చారు. చాలా ఓపికగా పిల్లలకు చెప్పారు.

112కి చేస్తున్నట్టు నటించిన దగ్గర్నుంచి అంబులెన్స్ రెండో గేటు దాటేదాకా 9 నిమిషాలు. మైకులో చెప్పి లైట్లు ఆపినప్పుడు ఒక్కరు పరుగెత్తలేదు. క్లాసుల లెక్క 14 నిమిషాల్లో వచ్చింది, కానీ సివిల్ థర్డియర్‌లో ఇద్దరు తక్కువ. క్యాంటీన్ వెనక దొరికారు. అక్కడికి మైకు వినపడదు, స్పీకర్ పెట్టిస్తున్నాం.

ఒక పొరపాటు జరిగింది. నోట్‌బుక్ రాస్తున్న లైబ్రేరియన్ గారు జనంతో పాటు గ్రౌండ్‌లోకి పోయారు. చెట్టు దగ్గర పోలీసు, ఫైర్ ఆఫీసర్లు నిలబడి ఉంటే పుస్తకం అక్కడ లేదు. ఆమె తప్పు లేదు, బయటికి పొమ్మంటే ఆమె కూడా పోయారు. రాసే మనిషికి కూడా ఆరెంజ్ జాకెట్టు కుట్టిస్తున్నాం. వచ్చే నెల రెండో శనివారం మళ్లీ డ్రిల్, ఈసారి రాత్రి పూట.

---

పాత ఫైర్‌మన్ (జనగామ) · గురువారం రాత్రి 9:30

రాత్రి డ్రిల్‌కు నేను వస్తా అమ్మా. ఆ గాజు డబ్బాలో తాళాలు ఒక్కొక్కటి తీసి చూశారా? నా సర్వీసులో డబ్బా ఉండి చెవి పట్టని గేట్లు చాలా చూశాను.

---

కాలేజీ ఏవో (హనుమకొండ) · గురువారం రాత్రి 9:52

ఇప్పుడే సెక్యూరిటీకి ఫోన్ చేసి చూడమన్నాను సార్. నాలుగింటిలో మూడు పట్టాయి. హాస్టల్ వైపు గేటు తాళం తుప్పు పట్టి తిరగడం లేదు. రేపు పొద్దున కొత్త తాళం వేయిస్తాను.